అడిగినవారి పేరు

గొడుగు ఆవిడ మళ్ళీ వచ్చింది.

పురపాలక కార్యాలయంలో అందరూ కలిసి ఆమెకు పెట్టిన పేరది. ఎండైనా వానైనా చంకలో గొడుగు, చేతిలో సమాచారం కోరుతూ ఒక దరఖాస్తు.

సమాచార అధికారి ఆమెను కూర్చోమనలేదు. ఎప్పుడూ అనడు. కూర్చున్నవాళ్ళు ఓ పట్టాన లేవరని అతని అనుభవం.

"ఈసారి ఏమిటమ్మా?"

"ఆసుపత్రి జనరేటరు బాబూ. డీజిలు ఎంత కొన్నారు, ఎన్ని గంటలు నడిపారు. ఆ కాగితాల నకళ్ళు కావాలి."

అధికారి ముఖం చిట్లించాడు. అతని భార్య ఆ ఆసుపత్రిలోనే ప్రసూతి వార్డు నర్సు. కరెంటు పోతే జనరేటరు నడవక సెల్‌ఫోను వెలుతురులో కాన్పులు చేస్తున్నామని ఆమె ఒకసారి చెప్పబోతే, 'నీ డ్యూటీ నువ్వు చూసుకో' అని నోరు మూయించాడు.

"మొన్న చేపల బజారు మరుగుదొడ్డి. అంతకుముందు బడి ప్రహరీ. ఊళ్ళో సంగతులన్నీ మీకే కావాలా?"

"ఎందుకు అడుగుతున్నానో చెప్పక్కర్లేదని చట్టంలోనే ఉందిగా."

పక్క బల్ల గుమాస్తా నవ్వాడు. "మామ్మగారికి చట్టం కంఠతా వచ్చు సార్. మనకే రాదు."

"నేర్పుతాను నాయనా. ఎలాగూ వస్తూనే ఉన్నానుగా."

రసీదు మడిచి జాకెట్లో దోపుకుని, గొడుగు విప్పుకుంటూ వెళ్ళిపోయింది.

అధికారికి చిరాకు తగ్గలేదు. ఆమె వెనుక ఎవరో పోటీ కాంట్రాక్టరు ఉన్నాడని అతని అనుమానం. లేకపోతే లోపలి సంగతులు బయటి ముసలావిడకు ఎలా తెలుస్తాయి?

అందుచేత అలవాటు ప్రకారం ఫోను తీశాడు. ఎవరి పని మీద దరఖాస్తు వస్తే వాళ్ళ చెవిన వేయడం ఆ కార్యాలయంలో మర్యాదగా సాగుతోంది. అది తప్పని అక్కడ ఎవరికీ తోచలేదు.

"మీ డీజిలు గురించి అడుగుతున్నారండీ."

"ఎవరు సార్?" అన్నాడు ఆసుపత్రికి డీజిలు పోసే కాంట్రాక్టరు.

అధికారి దరఖాస్తు చూసి పేరు, చిరునామా చదివాడు.

"చాలా సంతోషం సార్."

ఆ 'సంతోషం' అన్న తీరు అతని చెవిలో జోరీగలా తిరిగింది. ఆ వారమంతా స్థిమితం లేదు. తలుపు కదిలినప్పుడల్లా గొడుగు కోసం చూశాడు. రాలేదు.

శుక్రవారం గుమాస్తా నెమ్మదిగా చెప్పాడు. "గొడుగు మామ్మని ఏదో బండి గుద్దేసి పోయిందట సార్. నంబరు లేని బండి. ఆసుపత్రికి తీసుకెళ్ళారుగానీ, దక్కలేదు."

అధికారి గ్లాసుడు నీళ్ళు తాగాడు. దాహం తీరలేదు.

ఇంటికి వెళ్ళేసరికి భార్య యూనిఫాం కూడా మార్చుకోకుండా వంటింటి గడప మీద కూర్చుని ఉంది.

"విన్నాను," అన్నాడు. "పాపం. అయినా ఆ జనరేటరుతో ఆవిడకేం పని?"

"ఏ పనీ లేదు. మరుగుదొడ్డి సంగతి చేపలమ్మేవాళ్ళు అడగమన్నారు. ప్రహరీ సంగతి ఆ బడి టీచరమ్మ అడగమంది. అడగడానికి భయపడేవాళ్ళందరి తరఫునా ఆవిడే సంతకం పెట్టేది."

"మరి జనరేటరు?"

"అది నేను."

"నువ్వా?"

"ఇంట్లో అడిగితే మీరు వినలేదు. దరఖాస్తుగా ఇస్తే వినక తప్పదు కదా అని నా పేరుతోనే రాశాను. సరిగ్గా ఉందో లేదో చూడమని ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాను. చదివి చింపేసి, మళ్ళీ తన చేత్తో రాసుకుంది. 'నీకు చిన్నపిల్లలున్నారమ్మా, నా పేరుండనీ' అంది."

ఆమె తలెత్తింది.

"ఆవిడ పేరు ఆ డీజిలు కాంట్రాక్టరుకెలా తెలిసిందండీ?"



ఆ రోజు ఫోనులో అతను చదివిన పేరు స్థానంలో ఉండవలసింది తన భార్య పేరే. ఆ పేరుకు అడ్డంగా నిలబడిన మనిషిని అతను ఒక్కనాడైనా కూర్చోమనలేదు.