పొడుగు మూతి జెల్లలు

ఇంట్లో పెంచే ప్రతి ప్రాణీ రిజిస్టరుకెక్కాల్సిన కాలం ఇది. జాతి పేరు చెప్పేది యంత్రం, దాని కింద తనిఖీ అధికారిగా వేలిముద్ర వేసేది నేను. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. కాకినాడలో అక్వేరియం చేపలమ్మి నాన్న చదివించిన చదువది.

ఈరోజు తనిఖీ మా ఇంటికే వచ్చింది. తొట్టిలో పద్నాలుగు జెల్ల చేపలున్నాయి. అన్నిటికీ కంటి మీదుగా ఒకేలాంటి నల్ల చార, ఒంటి నిండా ఒకేలాంటి చుక్కలు. యంత్రం అన్నీ ఒకే జాతి అంది. ఆ జాతి కాలవల్లో పడి మిగతా చేపల గుడ్లు తినేస్తోందని నిషేధించారు. దొరికినవాటిని చంపెయ్యాలి.

"చుక్కలు చూసి మోసపోకే, మూతి చూడమని చిన్నప్పట్నించీ చెప్తున్నానా లేదా?" అన్నాడు నాన్న. "ఆ ఐదూ పొడుగు మూతివి. వేరే జాతి. మన దగ్గర తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. వేరని రాయి తల్లీ, బతుకుతాయి."

ఆ తేడా నాకూ కనిపిస్తూనే ఉంది.

"ఫారంలో మూతికి గడి లేదు నాన్నా."

"గడి లేకపోతే చేప లేనట్టేనేంటే?"

నేను వేలిముద్ర వేశాను.

నాన్న వల తీసుకుని పొట్టి మూతివి తొమ్మిదీ ఒక సంచిలోకి, పొడుగు మూతివి ఐదూ ఇంకో సంచిలోకి పట్టాడు. కొనుక్కునేవాళ్లకి ఇచ్చినట్టే గాలి నింపి, రబ్బరు బ్యాండ్లు బిగించాడు.

"కలపకమ్మా," అన్నాడు.

బయట తనిఖీ వ్యానులో చేపల్ని చంపే మందునీళ్ల పీపా ఒకటే ఉంది. రెండు సంచులూ నా చేత్తోనే విప్పాను.