దారి ఇచ్చిన వీధి

తెల్ల కండువా భుజాన వేసుకోబోయిన కంగారమ్మ, కొడుక్కి మరొక్కసారి చేసి చూద్దామని ఫోన్ పట్టుకుని చర్చి మెట్ల మీదికి వచ్చింది. అది మోగి మోగి ఆగిపోయింది.

"ఎత్తట్లేదా మీవాడు?" మెట్లు ఊడుస్తున్న గంటల తాత అడిగాడు.

"ఎత్తట్లేదు బాబాయ్. పొద్దుట్నించీ ఇదే వరస. ఏదో పెద్ద మేడకి బయటి గోడలకు రంగులేస్తున్నారంట. ఆదివారం పూజ మాని పోవద్దురా అంటే విన్నాడు కాదు."

"తాళ్ళకు వేలాడుతూ రంగేసేవాడు ఫోనెట్లా ఎత్తుతాడమ్మాయ్? బ్రష్షు పళ్ళ మధ్య పెట్టుకోవాలా? పోయిన వారం కూడా నువ్వు వాణ్ణి ఇట్లాగే చంపేశావు. సాయంత్రం చూస్తే వాడు అరుగు మీద కాళ్ళూపుకుంటూ కూర్చున్నాడు."

"ఆ మాట అనకు బాబాయ్. నీకు పుణ్యముంటుంది."

"నేననకపోతే నువ్వు అనుకుంటూనే ఉంటావు గదా. ఊరికే వచ్చిందా నీకు ఆ పేరు?"

కంగారమ్మ పైటచెంగుతో ముఖం తుడుచుకుంది. మంచాన పడ్డ దర్జీవాళ్ళ ముసలమ్మకు ప్రతి ఆదివారం పూజ అయ్యాక ప్రభువు శరీరంగా ఎంచే దివ్యసత్ప్రసాదపు అప్పాన్ని మెడలో భరిణెతో తీసుకెళ్ళి ఇవ్వడం ఆమె చేసే సేవ. విచారణ గురువుగారు, అంటే ఈ చర్చి ఫాదరే, స్వయంగా అప్పగించారు. ఇవాళ మాత్రం కాళ్ళు రెండు వైపులకీ లాగుతున్నాయి. ఆ మేడ ఊరికి అవతల. ముసలమ్మ ఇల్లు వీధి చివర.

"అంత భయమైతే వాడి దగ్గరికే పో. ఫాదర్‌తో నేను చెబుతాలే," అన్నాడు తాత, ఈసారి కాస్త మెత్తగా.

"ఫాదర్ జ్ఞానస్నానాల పనిలో ఉన్నారు. ఇంకెవర్ని పంపుతారు? ఆ మహాతల్లి మాత్ర కూడా మింగకుండా నాకోసం కాచుకునుంటుంది."

"మరింకేం, వెళ్ళిరా. కండువా వేసుకున్నాక వీధిలో నిన్ను పలకరించేవాడు ఉండడు. వేళాకోళాలూ ఉండవు. ప్రశాంతంగా వెళ్ళు."

ఆమె గుడి ముఖద్వారం మీది సిలువ వైపు తలెత్తింది.

"ప్రభువా, నీ పని నేను ఎగ్గొట్టను. నా పని నువ్వు ఎగ్గొట్టకు. నాకున్నది వాడొక్కడే."

సేవకు వెళ్ళేటప్పుడు ఫోన్ మోగకూడదని ఫాదర్ గట్టిగా చెప్పి ఉన్నారు. కట్టేసి సంచిలో పడేసింది. చేతులు జోడించుకుని, గబగబా మెట్లు దిగి, జపం చెప్పుకుంటూ నడిచింది.

వీధి పొడవునా ఉన్నవి ఆ చర్చి విచారణ కుటుంబాలే. ప్రభువును మోసుకెళ్ళే మనిషి వస్తుంటే లేచి నిలబడి దారి ఇవ్వడం అక్కడ తాతల నాటి అలవాటు. ఆ మనిషి కూడా ఎక్కడా ఆగకూడదు, నోరు విప్పకూడదు.

మూల మీది మంగలి మామూలు రోజుల్లో ఆమెను చూస్తే, "అత్తా, ఇవాళ ఎవరు పోయారు?" అని అడగందే ఊరుకోడు. ఇవాళ కత్తి పక్కన పెట్టి లేచాడు. సగం గెడ్డం నురగతో కుర్చీలో ఉన్న పెద్దమనిషి కూడా ఆమెను చూసి తడబడుతూ లేచాడు. ఇద్దరూ తలలు దించుకున్నారు.

కుళాయి దగ్గర బిందెల కోసం వాదులాడుకుంటున్న ఆడవాళ్ళు ఠక్కున ఊరుకున్నారు. ఒకావిడ ఛాతీ మీద సిలువ గుర్తు వేసుకుని కళ్ళొత్తుకుంది. ఎంత భక్తి ఈమెకు, అనుకుంది కంగారమ్మ. పైకి కనబడదు గానీ.

సైకిల్ షాపువాడు కొడుకుతో కలిసి చదువుకున్నవాడు. "అమ్మా" అంటూ ఒక అడుగు ముందుకు వేశాడు. పక్కనున్న పెద్దాయన వాడి భుజం పట్టుకుని వెనక్కి లాగాడు.

కంగారమ్మ అడుగు నెమ్మదించింది. వీణ్ణి అడిగితే చాలు, కొడుకు సంగతి తెలుస్తుంది. వీడికి తెలియనిది ఉండదు. నోటిదాకా వచ్చిన మాటను పళ్ళ బిగువున ఆపుకుంది. ప్రభువుకు మాట ఇచ్చి ఎంతసేపైంది గనక? కుర్రకారుకు తెలియకపోయినా పెద్దాయనకు పద్ధతి తెలుసు, మాట్లాడనివ్వలేదు. ఆమె ముందుకే నడిచింది.

నడిచేకొద్దీ ఆ నిశ్శబ్దం ఆమెకు ధైర్యం పోసింది. పొద్దుట్నించీ గుండెల మీదున్న బండ కాస్త పక్కకు జరిగినట్టయింది. వీధి మొత్తానికి ఇంత మర్యాద నేర్పినవాడు, తాడు మీదున్న ఒక్క బిడ్డను పట్టుకోలేడా?

దర్జీ గుమ్మంలోనే ఉన్నాడు. ఒక్క మాటా అనకుండా చేతులు కట్టుకుని పక్కకు తప్పుకున్నాడు. లోపల మంచం పక్కన స్టూలు మీద తెల్లగుడ్డ పరిచి, కొవ్వొత్తి వెలిగించి ఉంది. ముసలమ్మకు చూపు ఆనదు. అలికిడి విని తల తిప్పింది.

"వచ్చావా తల్లీ? అడుగు తేడాగా పడుతోందేం?"

"ఏం లేదత్తా. పిల్లాడి మీద బెంగ. దారంతా ప్రభువే నడిపించాడు. వీధిలో ఒక్క నోరు లేవలేదంటే నమ్ము. ఇంత భక్తి నేనెప్పుడూ చూళ్ళేదు."

ముసలమ్మ చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, నోరు తెరిచింది. కంగారమ్మ సత్ప్రసాదపు భరిణె కోసం మెడ తడుముకుంది. మెడ బోసిగా ఉంది. భుజం తడుముకుంది. అక్కడా ఏమీ లేదు.

"నా మతి మండా," అంది సిగ్గుపడిపోతూ. "భరిణె, కండువా రెండూ గుళ్ళో బల్ల మీదే పెట్టేసి వచ్చానత్తా. ఉత్త మెడతో ఊరేగుతూ వచ్చాను చూడు."

తన కంగారుకు తనే నవ్వబోయి, దర్జీకి కూడా చెబుదామని గుమ్మం వైపు తిరిగింది.

గుమ్మంలో దర్జీ, అతని వెనక మంగలి, ఏడ్చి కళ్ళు ఎర్రబడ్డ సైకిల్ షాపువాడు, కుళాయి దగ్గరి ఆడవాళ్ళు, వీధి వీధంతా, కండువా లేని ఆమె ముందు చేతులు కట్టుకుని, తలలు దించుకుని నిలబడి ఉన్నారు.