బేరం చెడగొట్టిన ముసలాయన

పాత బండ్ల యార్డుల చుట్టూ తిరిగి తిరిగి మెకానిక్కుకి చెప్పులతో పాటు ఓపిక కూడా అరిగిపోయింది.

అతనిది బైకుల షెడ్డు. దారిలో ఆగిపోయిన బైకుల్ని, తన బండి మీద కూర్చుని కుడికాలితో వెనక నుంచి తన్నిపట్టి తోసుకుంటూ తెచ్చేవాడు. పదేళ్లు తోసిన మోకాలు ఇప్పుడు మెట్టు ఎక్కమన్నా మొరాయిస్తోంది. ఇంకో ఏడాది ఇలాగే తోస్తే చేతికి కర్ర వస్తుందని డాక్టరు తేల్చేశాడు.

అందుకే వ్యాను. చవగ్గా రావాలి. లోపల రెండు బైకులు పట్టాలి. వెనక ఇంకో బండిని కట్టి లాగాలి.

పెళ్లయి మూడు నెలలైన భార్య, రెండు బైకుల పొడవు కొలిచి పురికొసకి ముడి వేసింది. ఏ యార్డుకి వెళ్లినా ముందు ఆవిడే వ్యానులోకి దూకి, ఒక కొస తను పట్టుకుని, రెండోది అతని మీదికి విసిరేది. ముడి వ్యాను బయటే మిగిలిపోతే నాలుక బయటపెట్టేది. రోజంతట్లో అతనికి నవ్వొచ్చేది ఆ ఒక్క క్షణమే.

తొమ్మిదో యార్డులో తెల్ల వ్యాను కనబడింది.

బైకులు ఎక్కించడానికి వీలుగా నేల బాగా కిందికి ఉంది. పురికొస సరిపోయి ఇంకా బెత్తెడు జాగా మిగిలింది. వెనక లాగుడు కొక్కెం కూడా ఉంది. కిందికి దూరి చూడటానికి మోకాలు ఒప్పుకోలేదు. వంగి చూస్తే అడుగంతా నల్లరంగుతో నిగనిగలాడుతోంది.

యార్డువాడు చెప్పిన ధరకి తల ఊపబోతుండగా, అంతసేపూ గేటు దగ్గర నిలబడ్డ ఓ ముసలాయన దగ్గరికొచ్చాడు.

"నేనింకో పదివేలు ఎక్కువిస్తాను."

మెకానిక్కు ఐదు పెంచాడు. ముసలాయన వాళ్ల మొహాలైనా చూడకుండా ఇంకో పది పెంచాడు. అంతకు మించి మెకానిక్కు దగ్గర లేదు.

"మేం ముందొచ్చాం తాతా. ఇది మా బతుకుదెరువు."

"పక్కన ఆ మట్టిరంగుది తీసుకోండి బాబూ. మొహం బాగోదు గానీ మొండిది."

"అంత మంచిదైతే మీరే తీసుకోవచ్చుగా?"

ముసలాయన యార్డువాడి చేతిలో డబ్బు పెట్టాడు.

"కాటికి కాళ్లు చాపుకున్న వయసులో ఈయనకి వ్యానెందుకో," అంది భార్య, ఆయనకి వినబడేలాగే.

వినబడింది. తల వంచుకునే తాళం అందుకున్నాడు.

గత్యంతరం లేక మట్టిరంగుదే కొన్నారు. భార్య దానికి దున్నపోతు అని పేరు పెట్టింది. తలుపు పడాలంటే భుజంతో గుద్దాలి. అయినా పిలిస్తే పలికేది. వారం తిరక్కుండా షెడ్డుకి పని పెరిగింది, మోకాలి వాపు దిగింది. అంత చేసినా, నోటి దగ్గరి కూడు లాక్కున్నాడని ముసలాయన్ని ఓ మాట అనుకోందే ఇద్దరికీ ముద్ద దిగేది కాదు.

ఇరవయ్యో రోజు పొద్దున ఫోను వచ్చింది. ఒక వ్యానుని లాక్కెళ్లాలట.

వెళ్లి చూస్తే తెల్లది. పక్కనే ముసలాయన.

మెకానిక్కుకి కడుపు చల్లబడింది. అప్పుడే మొరాయించిందా అని అడిగాడు.

నడుస్తుందిట. కానీ నడపకూడదట. లోపల మనిషి లేకుండా, ముందు చక్రాలు పైకెత్తి మెల్లగా వంతెన అవతలికి చేరిస్తే చాలునట.

"నడిచే బండిని లాగమంటే నా దున్నపోతుకి సిగ్గేస్తుంది. పోటీపడి కొన్నారుగా, నడుపుకోండి."

"ఆ రోజు కోపం ఇంకా పోలేదా బాబూ?"

"పోలేదు."

ముసలాయన ఏదో చెప్పబోయి మింగేశాడు. మెకానిక్కు బండి వెనక్కి తిప్పేశాడు. దారంతా ఈల వేసుకుంటూనే వచ్చాడు.

మధ్యాహ్నం పోలీసులు పిలిచారు. వంతెన దగ్గరి మలుపులో ఒక వ్యాను పడింది, తియ్యాలని. దారిలో వచ్చేపోయే బండ్లని ఆపడానికి భార్య కూడా వెంట వెళ్లింది.

తెల్ల వ్యాను నడుం దగ్గర విరిగి కుంగిపోయి ఉంది. ముసలాయన్ని అప్పటికే తీసుకెళ్లిపోయారు. ప్రాణం లేదని చెప్పి పోలీసు, దీన్ని అవతలి పాత ఇనుము కొట్టులో దించమన్నాడు.

పొద్దున కాదన్న దారినే మెకానిక్కు దాన్ని మెల్లగా లాక్కెళ్లాడు.

కొట్టువాడు గేటు దగ్గరే ఉన్నాడు. పొద్దుట్నుంచీ ఈ బండి కోసమే చూస్తున్నానని, ముసలాయన ఏడని అడిగాడు.

మెకానిక్కు చెప్పాడు.

కొట్టువాడు అక్కడే రాయి మీద కూలబడ్డాడు.

"దీని ఛాసిస్, అదే అడుగు చట్రం, ఎప్పుడో పగిలిందట. అతుకేసి పైన రంగు కొట్టారట. దీనికి బరువు కడితే ఎవరో ఒకరు పోతారు, నా కళ్ల ముందు ముక్కలు చెయ్యి, ఒక్క బోల్టు కూడా అమ్మకు అన్నాడు. కాగితాలు తన పేరు మీద లేకపోతే కొయ్యనన్నాను. అందుకే ఇన్నాళ్లు ఆగాడు."

"యార్డులో ఆ మాట మాతో అనుంటే సరిపోయేదిగా," అన్నాడు మెకానిక్కు, నీరసంగా.

"నేనూ అదే అడిగా. ఏ మొహం పెట్టుకుని చెప్పను అన్నాడు."

భార్య వ్యాను ముందు అరలోంచి కాగితాలు తీసింది. ఒకసారి చూసింది. మళ్లీ మొదటి నుంచి చూసి, అతని చేతిలో పెట్టింది.

యార్డుకి ఆ బండిని అమ్మినతని సంతకం, ఎక్కువ ధర పెట్టి యార్డు నుంచి కొన్నతని సంతకం, రెండూ ఒక్క మనిషివే.