మూడు తాళాల తూము

ఈ ఈక్వెడారు పల్లపు నేలల్లో మా కట్ట తూముకున్నంత గట్టి తలుపు ఇంకెక్కడా లేదు. ఒక మొసలి దాన్ని ఢీకొట్టి, పళ్ళూడగొట్టుకుని, ఆ తర్వాత అరటిపళ్ళు తిని బతికింది.

ఆ తూము దగ్గరే దోన్యా సోయ్లా, అంటే మా సోయ్లా అమ్మగారు, వానలో నిలబడి అధికారులతో తగవులాడుతోంది. నది పొంగి తూములోంచి లోపలికి వస్తోంది. కట్ట కిందే ఆమె వరి, వెన్ను తీసి ఉంది. తలుపు దించాలి. దించే చక్రానికి గొలుసు, గొలుసుకు మూడు ఆఫీసుల మూడు తాళాలు.

ముగ్గురు ఇంజనీర్లూ వచ్చారు. గొడుగులు పట్టేవాళ్ళు వేరే. నీళ్ళు మావన్నాడు నదుల శాఖాయన. కాలవ మాదన్నాడు సాగు శాఖాయన. తూము నిలబడ్డ నేల మాదన్నాడు మునిసిపాలిటీ ఆయన. ముందు తాళం తీసినవాడు మిగతా ఇద్దరి మాటా విన్నట్టు లెక్క. అందుకని ఎవరూ జేబులో చెయ్యి పెట్టలేదు.

"మరి మునిగేది ఎవరిది, ఇంజనీరు గారూ?" అంది సోయ్లా.

"అది నీదేలేమ్మా. దాని మీద మాకు పేచీ లేదు" అన్నాడు నదుల శాఖాయన.

ఇంతలో ఆమె అల్లుడు నెమెసియో బండినిండా ఇసక బస్తాలు తెచ్చాడు. తూము నోట్లో కుక్కితే చాలన్నాడు. అప్పుడు కుదిరింది ముగ్గురికీ ఒక్క మాట: సర్కారు తలుపుండగా బస్తాలు వేయడం నేరం. బండి వెనక్కి తిప్పించారు.

"మా బస్తాల మీద మీలో ఎవరికీ పెత్తనం లేదనా బాధ?" అంది సోయ్లా.

చివరికి బూట్లలోకి నీళ్ళు దిగాక దొరలకు తెలివొచ్చింది. ఒకటి రెండు మూడు అనుకుని తాళాలు ఒక్కసారే తీశారు. చక్రం మీద ఆరు చేతులూ వేశారు. అది ఉత్త గిలకలా గిర్రున తిరిగింది. తలుపు అడుగంటా దిగింది. చేతులు కలుపుకున్నారు, ఫొటో దిగారు, సోయ్లా తన వెంట తెచ్చుకున్న పచ్చరటికాయ ఉండలు తిని మరీ వెళ్ళారు.

తెల్లారేసరికి వరి మునిగింది.

తలుపు దిగాక ఎలా మునిగిందంటారా? ఆఫీసులు నిజం, తాళాలు నిజం. మొసలి కూడా నిజమే, పళ్ళు మాత్రం ముసలితనానికి ఊడాయి. ఆ చక్రం కింద ఎవరూ ఏనాడూ బిగించనిదీ, నేను కల్పించిందీ తలుపొక్కటే.