ఆఖరి విస్తరికి రెండో వడ్డన

"కామెడీయా?" అన్నారు విశ్వేశ్వరరావు, కాఫీ గ్లాసు టీపాయ్ మీద పెట్టేస్తూ.

ఆ ఒక్క మాటకే శివ కుర్చీ అంచుకి జరిగాడు. పోస్టర్ మీద 'రుమాళ్లు మరవకండి' అని వేసుకుని, నలభై ఏళ్ల కిందట జనాన్ని వెక్కివెక్కి ఏడిపించిన 'ఆఖరి విస్తరి' ఈయన రాసి, తీసిన సినిమా. దాన్ని ఇప్పుడు కామెడీగా మళ్లీ తీస్తామని చెప్పడానికి, శివ, అతనితో కలిసి కథ రాసిన అఖిల నల్లగండ్లలోని ఆయన ఫ్లాటుకే వచ్చి కూర్చున్నారు. ధైర్యమే మరి. సాయంత్రంలోగా ఈయన ఒప్పుకోకపోతే నిర్మాత ఇంకో కథ చూసుకుంటానన్నాడు. ఈ సినిమాని నమ్ముకుని హైటెక్ సిటీలో ఉద్యోగం మానేసిన శివకి వెనక్కి వెళ్లే దారి కూడా లేదు.

"ఒక్కసారి వినుండ్రి సార్. నచ్చకపోతే లేచి పోతం" అంది అఖిల.

"సరే, చెప్పండి."

శివ మొదలుపెట్టాడు. చచ్చిపోయాడనుకున్న హీరో సరిగ్గా తన పెద్దకర్మ నాడే ఇంటికొస్తాడు. గడ్డం పెరిగి ఉంటుంది కాబట్టి ఎవరూ గుర్తుపట్టరు. భోజనాల పంక్తిలో కూర్చోబెట్టి విస్తరి వేస్తారు. పాత సినిమాలో హాళ్లన్నీ గొల్లుమన్నది ఇక్కడే.

"మా దాంట్ల ఏమైతదంటే సార్," శివకి ఊపొచ్చి లేచి నిలబడ్డాడు. "వాడు గారె కొరికి, 'గిందుల ఉప్పేది' అంటడు. పక్కనున్నాయన, 'పోయినాయనకు ఉప్పు పడదంట, అందుకే తక్కువేసిన్రు' అంటడు. వీడికి మండుతది సార్. 'ఎవడు చెప్పిండు? ఉప్పు లేంది నాకు ముద్దనే దిగదు' అంటడు."

వంటింట్లోంచి ఫక్కున నవ్వు వినబడింది. విశ్వేశ్వరరావు భార్య పుణ్యవతి గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది.

ఆయన మాత్రం నవ్వలేదు. "నువ్వు ఊరుకో. అసలు నీ నవ్వే కదా నా కొంప ముంచింది" అని భార్యని కసిరి, శివ వైపు తిరిగారు. "తప్పు."

శివ కుర్చీలో కూలబడ్డాడు.

"ఉప్పు మాట అప్పుడే రాకూడదయ్యా. ముందు ఇంకో రెండు గారెలు వేయించుకోవాలి. అవి కూడా తినేశాక అప్పుడు అడగాలి, ఉప్పేదని."

అఖిల ఆగలేక కిసుక్కున నవ్వింది. శివ ఇంకా భయంభయంగానే చూస్తున్నాడు. "అంటే... మీకు కోపం రాలేదా సార్?"

ఆయన లేచి గదిలోకి వెళ్లారు. వచ్చేటప్పటికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జేబుకి పెన్ను పెట్టుకుని ఉన్నారు. కళ్లు మెరుస్తున్నాయి.

"పదండి మీ నిర్మాత దగ్గరికి. సంతకం పెడతాను. కానీ ఒక్క షరతు. ఈసారైనా హాల్లో జనం నవ్వాలి."

"ఈసారైనా ఏంది సార్?" అన్నాడు శివ, ఆయన కాళ్లకి దణ్ణం పెట్టబోతూ ఆగిపోయి.

"నేను తీసిందీ కామెడీయేనయ్యా. మార్నింగ్ షోకి హాలంతా ఏడ్చింది, మ్యాట్నీకల్లా పోస్టర్ల మీద ఆ రుమాళ్ల ముక్క అంటించాం."