ఐదింటికి మూసేస్తారు

"ఐదింటికి మూసేస్తారు, కాస్త గట్టిగా తొక్కండి," అన్నాను.

నా సైకిల్ని ఒంటిచేత్తో ఎత్తేయొచ్చు. మా ఆయనది ఇనుప గేదె. దానిమీద ఈల వేసుకుంటూ తీరిగ్గా తొక్కుతున్నారు.

వంతెన మీద ఆగి, పడవ దాటేదాకా చూశారు. నేను రోజూ దూసుకుపోయే దారే. కింద పడవలు తిరుగుతాయని ఇవాళే తెలిసింది. ఒళ్లు మండింది.

"కావాలనే చేస్తున్నారు కదూ?"

"నువ్వు ముందు పో. నేనేమైనా పట్టుకున్నానా?"

ముందు పోయి లాభం లేదు. సంతకాలు ఇద్దరం పెట్టాలి.

ఐదుంపావుకు చేరేసరికి ఆఫీసుకి తాళం. విడాకుల కాగితాలు నా సంచిలోనే ఉండిపోయాయి.

"రేపు బస్సులో వద్దాంలే. తొందరగా అయిపోతుంది," అన్నారు, తల దించుకుని.

తాళం లాగి చూశాను. గట్టిగానే ఉంది.

"వద్దు. నడిచొద్దాం," అన్నాను.