పది కణాల సాక్ష్యం

“అయిదింటికల్లా ఏదో ఒకటి తేల్చి చెప్పమ్మా. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు,” అన్నాడు డాక్టరు ఫోన్లో.

అక్క గడియారం చూసింది. నాలుగు. పొద్దున ఆపరేషన్ చేసినా ఆసుపత్రిలో తమ్ముడికి మూర్ఛలు ఆగలేదు. వాడి మెదడులోంచి తీసిన చిన్న ముక్క ఈ ల్యాబులో, ఆమె ముందున్న గిన్నెలో ఉంది. అందులోని నరాల కణాలు ఇంకో గంట బతికితే గొప్ప.

తేలాల్సింది ఒక్కటే: ఆ కణాల్లో క్లోరైడ్ ఎంతుంది? తక్కువుంటే, ఇప్పుడిస్తున్న మందు కణం గోడలోని తలుపులు తెరవగానే క్లోరైడ్ లోపలికి వెళ్ళి కణాన్ని జోకొడుతుంది. ఎక్కువుంటే ఆ తలుపుల్లోంచే బయటికి ఎగబడి రెచ్చగొడుతుంది. అప్పుడు ఆ మందు ఇవ్వడమంటే కంచే చేను మేసినట్టు.

సూదిలో నింపే ఉప్పునీళ్ళకి ఒక ప్రత్యేకమైన పొడి కలిపి కొలిస్తే ఒక్కో కణానికి అరగంట. పొడి లేని మామూలు సూదికి మూడు నిమిషాలు. ఆమె పొడి సీసా పక్కకు నెట్టేసింది.

మొదటి కణం: ముప్పయి. ఉండాల్సింది ఎనిమిదో, పదో. రెండోదీ ముప్పయే. తోడబుట్టినవాళ్ళే ఒక మాట మీద నిలబడని లోకంలో, పదికి పది కణాలూ ముప్పయే అన్నాయి. ఆమెకు ఏడుపొచ్చింది, సంతోషంతో. దొంగ దొరికాడు! వెంటనే డాక్టరుకి ఫోన్ చేసింది.

“ఆ మందు ఆపేయండి సార్! వాణ్ణి చంపుతున్నది అదే.”

“ఖాయమేనా? ఆపాక తేడా వస్తే మళ్ళీ వాణ్ణి పట్టుకోలేం.”

“పది కణాలు చూశాను సార్. నా తమ్ముడండీ! ఖాయం కాకపోతే చెబుతానా?”

“సరే, ఆపేస్తున్నాం.”

ఆమె కుర్చీలో కూలబడింది. ఆమెకు ఈ పని నేర్పిన సూదుల మాస్టారు అప్పుడే లోపలికొచ్చి, అంకెల కాగితం అందుకున్నాడు.

“పదీ ఒకటేనా?” ఆయన కళ్ళజోడు తీశాడు. “పొడి కలిపావా?”

“టైమెక్కడిది మాస్టారూ? మామూలు సూదితోనే కానిచ్చేశా.”

“అమ్మాయ్... మామూలు సూది గుచ్చగానే అందులోని ఉప్పునీళ్ళే కణమంతా నిండుతాయి. అలా కాకుండా కాచేదే ఆ పొడి. కొత్తగా వచ్చినవాళ్ళకి నువ్వే కదా చెబుతుంటావు?”

టేబుల్ మీద ఫోన్ మోగింది. ఆసుపత్రి నంబరు. ఆమె చెయ్యి ఫోన్ మీదికి పోలేదు. సూది నింపిన ఉప్పునీళ్ళ సీసా మీదికి పోయింది. దాని మీద, పొద్దున తనే రాసి అంటించిన చీటీ.

క్లోరైడ్: ముప్పయి.